కట్టెల పొయ్యికి పొగగొట్టము: నిలుపుట, పరీక్షించుట

పొయ్యి పెట్టుకొనుట మనవారందరును ఎరిగిన పని. మూడు రాళ్లు, నాలుగు కట్టెలు, ఒక అగ్గిపుల్ల చాలును. పొగకు దారి యేర్పరచుట మాత్రము కొలదిమందియే నేర్చిరి. నిప్పుచేత మనము పని చేయించుకొనుచున్నాము. పొగను మన యింటి స్త్రీల కన్నులకును, చంటిపిల్లల ఊపిరితిత్తులకును అప్పగించుచున్నాము. కట్టెల పొయ్యికి పొగగొట్టము నిలుపు విధమును, నిలిపిన పిదప దానిని పరీక్షించు విధమును ఈ వ్యాసమున తెలుపబూనితిమి. మా పాఠశాలకు వచ్చు పిల్లలలో కొందరి యిండ్లలో నేటికిని కట్టెలే మండుచున్నవి గనుక, ఇది వారికి వెంటనే పనికివచ్చు సంగతి.

హైదరాబాదునకు పడమటి దిక్కున 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదిని సైబర్ టవర్సు భవనము ప్రారంభింపబడెను. నాటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము అను ఊళ్లు అద్దాల మేడల పట్టణముగా మారినవి. అట్టిచోట పొగగొట్టమును గూర్చి వ్రాయుట చదువరులకు వింతగా తోచవచ్చును. ఇచ్చటి అపార్టుమెంట్లలో 'చిమ్నీ' యనగా గ్యాసు పొయ్యి మీద గోడకు బిగించి విద్యుచ్ఛక్తితో నడపు పంకా పెట్టెయే గాని, మసిపట్టిన గొట్టము కాదు. అయినను ఆ మేడలను కట్టుటకు పాలమూరు, శ్రీకాకుళము మొదలగు సీమలనుండియు, ఒడిషా, బీహారు మొదలగు రాష్ట్రములనుండియు వచ్చిన కూలివారు రేకుల పాకలలో కాపురముండి, చేతికందిన కట్టెలతో వంట చేసికొనుచున్నారు. రంజాను మాసమున హలీము వండు ఇటుకల బట్టీలకు కట్టెలే ఆధారము. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీమునకు గంటల తరబడి సన్నని సెగ కావలెను. ఆ బట్టీలు ఆరుబయట నుండును గనుక పొగకు ఆకాశమే దారి. ఇక పిజ్జా యను ఇటలీ రొట్టెను కట్టెల పొయ్యిలో కాల్చి అమ్ము ఫలహారశాలలును ఈ ప్రాంతమున వెలసినవి. వారికి గొట్టము లేక గడవదు. కాబట్టి కంప్యూటర్ల నీడలో కట్టెల పొగ ఇంకను బ్రతికియే యున్నది.

ఈ పట్టణమునకు ఈ విషయమున ఒక ప్రత్యేకమైన గౌరవము కలదు. అది మన పిల్లలలో ఎక్కువమందికి తెలియదు. పొగలేని పొయ్యిని గూర్చి మన దేశమున మొట్టమొదట శాస్త్రీయముగా పాటుపడినవారిలో డాక్టరు ఎస్. పి. రాజు గారొకరు. వారు హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధిపతిగా నుండి, మట్టితో కట్టదగిన ఒక పొయ్యిని రూపొందించిరి. ఆ పరిశోధనాలయపు ఆంగ్లనామములోని మొదటి అక్షరములను కూర్చి దానిని 'హెర్ల్ చూల్హా' యనిరి. ఒకే నిప్పుమీద ఒకటికి మించిన పాత్రలు కాగుట, చివర నిలువు గొట్టముగుండ పొగ కప్పు దాటి పోవుట దానిలోని ముఖ్యాంశములు. మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ వారు 1953లో రాజుగారి చిన్న పుస్తకమును 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అను పేర ప్రకటించిరి. కోట్ల జనులకు పొగలేని వంటిండ్లు కావలెనన్నదే ఆ పేరునకు అర్థము. ఆనకట్టలను, కాంక్రీటును పరీక్షించు వృత్తిలోని వారు వంటింటి మట్టిపొయ్యిని తమ విద్యకు తగిన వస్తువుగా నెంచుట మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచును.

పొగవలన కలుగు నష్టమెంతయో ఊహించుకొనవలసిన పని లేదు, కొలిచినవారున్నారు. చెన్నపట్టణములోని శ్రీ రామచంద్ర వైద్య కళాశాలకు చెందిన డాక్టరు కల్పనా బాలకృష్ణన్ గారును, వారి సహచరులును నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెలలో 420 ఇండ్లు పరీక్షించి 2004లో ఫలితములు ప్రకటించిరి. గ్యాసుతో వండు ఇండ్లలో ఒక ఘనమీటరు గాలియందు ఊపిరితో లోనికి పోదగిన ధూళి దినమునకు సగటున 73 మైక్రోగ్రాములుండగా, కట్టెలు, పిడకలు మొదలగు వానితో వండు ఇండ్లలో అది 732 మైక్రోగ్రాముల వరకు నుండెను. పది రెట్లు! హైటెక్ సిటీ నెలకొన్నదియు ఆ రంగారెడ్డి జిల్లాలోనే.

ఇక గొట్టము పొగను ఎట్లు లాగుచున్నదో చూతము. గొట్టమునకు లాగు శక్తి లేదు. బయటి చల్లని గాలి బరువే లోపలి వేడిగాలిని పైకి నెట్టుచున్నది. ముప్పది డిగ్రీల వేడిమిగల గాలి ఘనమీటరునకు సుమారు 1.16 కిలోగ్రాములు తూగును. నూటయేబది డిగ్రీల వేడిమిగల గాలి 0.83 కిలోగ్రాములు మాత్రమే. మూడు మీటర్ల ఎత్తుగల గొట్టమున ఈ భేదమువలన కలుగు ఒత్తిడి ఒక మిల్లీమీటరు నీటి మందమునకు సమానము. ఇంత స్వల్పమైన బలముతోనే పొయ్యి పొగయంతయు వెలికి పోవలెను. ఈ యొక్క సంగతి మనస్సున నిలిచినచో, తక్కిన నియమములు తమంతట తామే బోధపడును. గొట్టమునకు వంపులెక్కువైనచో ఆ కొలది బలము వంపులలోనే వ్యయమగును. అతుకులలో సందులున్నచో చల్లగాలి చొరబడి వేడిని చంపును. గొట్టము పొట్టిదైనచో లాగదు. అట్లని ఎత్తు రెట్టింపు చేసినంత మాత్రమున పొగ రెండు రెట్లు వేగముగా పోదు; వేగము ఎత్తుయొక్క వర్గమూలమును బట్టి పెరుగును గనుక ఒకటిన్నర రెట్లు కూడ కాదు. గణితము వలన వంటింటికేమి లాభమని యడుగు బాలురు దీనిని గమనింతురు గాక.

మొదట గొట్టమునకు చోటు చూచుకొనవలెను. పొయ్యి గోడవారగా నుండవలెను. తలుపునకెదురుగా నున్నచో ఈదురుగాలి మంటను చెదరగొట్టును. చిన్న కుటుంబపు మట్టిపొయ్యికి నాలుగంగుళాల వ్యాసముగల గొట్టము చాలును. గొట్టము పొయ్యి మీదనుండి రెండు మీటర్లకు తగ్గక లేచి, కప్పు దాటిన పిదప మరి మూడడుగులైనను పైకి నిలువవలెను. పదియడుగుల దూరములోపల నున్న కప్పుకొప్పుగాని, పిట్టగోడగాని, దేనికన్నను రెండడుగులు హెచ్చుగా నుండవలెనని అమెరికా దేశపు కట్టడముల నియమము. ఇది మంచి నియమమే. కాని మన కూలివారి పాకలు ఇరువది ముప్పది అంతస్తుల మేడల పాదములయొద్ద నుండును. మేడకు తగిలిన గాలి గోడ వెంట క్రిందికి దిగి పాకలమీద సుడులు తిరుగును; అట్టిచోట గొట్టము మూతినుండి పొగ వెనుకకు త్రోయబడును. పాకలను మేడగోడకు దూరముగా వేసికొనుట, గొట్టమునకు టోపీ పెట్టుట తప్ప దీనికి వేరు చికిత్స లేదు. టోపీకిని గొట్టపు మూతికిని నడుమ ఎంత ఎడముండవలెను? గొట్టపు వ్యాసములో నాలుగవ వంతు ఎడమున్నచో, ప్రక్కలనుండి పొగ పోవు వైశాల్యము మూతి వైశాల్యమునకు సరిగా సమానమగునని లెక్కవేసి తెలిసికొనవచ్చును. నాలుగంగుళాల గొట్టమునకు అది ఒక అంగుళము. మసి పేరుకొనునని తలచి రెండంగుళాలు విడుచుట మేలు.

గొట్టము దేనితో చేయవలెనన్నది ముఖ్యమైన ప్రశ్న. పూర్వము ప్రభుత్వమువారు పంచిన పొయ్యిలకు సిమెంటు గొట్టములను వాడిరి. వానిలో ఆస్బెస్టాసు అను రాతినార కలిసినవి యుండెను. ఆ నార యే రకమైనదైనను క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చినది. కావున పాతగొట్టములను రంపముతో కోయుటయు, పగులగొట్టుటయు కూడదు. క్రొత్తగా కొనుటయు వలదు. జస్తా పూసిన రేకు చౌకయే గాని, జస్తా 420 డిగ్రీల వద్ద కరగును. మంటకు తగులు మొదటి భాగమున అది పనికిరాదు. పొయ్యినుండి లేచు మొదటి మూడడుగులు ఇటుక, బంకమట్టితో గాని, దళసరి నల్ల ఇనుప రేకుతో గాని కట్టవలెను. ఇటుకలకు సిమెంటు కంటె ఊకయు బంకమట్టియు కలిపిన అడుసే వేడికి ఓర్చును. ఈ మాటను మేస్త్రీలు సాధారణముగ నమ్మరు. ఒక వేసవి గడచిన పిదప పగుళ్లు చూచి నమ్ముదురు.

గొట్టపు ముక్కలను అతుకునప్పుడు, పై ముక్క మొన క్రింది ముక్క లోనికి దిగవలెను. పొగ పైకి పోవును గదా, క్రింది ముక్కయే పై దానిలో దూరవలెనని కొందరు తలతురు. గొట్టములో పొగ మాత్రమే నడువదు. చల్లబడిన తారు నల్లని జిగురువలె క్రిందికి కారును. అతుకు తలక్రిందులైనచో అది వెలికి కారి గోడను పాడుచేయును. కావున వాననీటి గొట్టము అతికినట్లే దీనిని అతుకవలెను.

కప్పు దాటుచోట మిక్కిలి జాగరూకత వలయును. ఒంటి రేకు గొట్టమునకును కాలెడి వస్తువునకును నడుమ పదునెనిమిది అంగుళములు ఎడముండవలెనని పాశ్చాత్యుల అగ్ని నియమములు చెప్పుచున్నవి. వాసములు, దూలములు, వెదురు, ప్లాస్టిక్కు పట్టా, ఎండుగడ్డి అన్నియు కాలెడి వస్తువులే. తాటాకు కప్పులోనుండి గొట్టము ఎక్కించుట మేము ఏ విధముగను ఒప్పుకొనము. మట్టిగోడకు రంధ్రము చేసి బయటికి తెచ్చి, కప్పు చూరునకు దూరముగా పైకి లేపవలెను. రేకు కప్పునకు పెద్ద రంధ్రము కోసి, చుట్టును ఇనుప పట్టీ వేసి, వాననీరు దిగకుండ పైన గొడుగువంటి రేకు బిగించిన చాలును. మన దేశముననే 1960లో భారతీయ ప్రమాణముల సంస్థవారు పొగగొట్టములు, కొలుములు మొదలగు వానినుండి అగ్నిభయము లేకుండుటకై 1645వ సంఖ్యగల నియమావళిని వెలువరించిరి. ఇల్లు కట్టు మేస్త్రీలలో దానిని చూచినవారు ఎందరుందురో!

కట్టెలను గూర్చి కొంచెము చెప్పక తీరదు. అప్పుడే నరికిన కొమ్మలో దాదాపు సగము బరువు నీరే యుండును. ఆ నీరు ఆవిరియగుటకే వేడి వ్యయమై, పొగ చల్లబడి, తారుగా గొట్టమునకు అంటుకొనును. సర్కారు తుమ్మయైనను వేపయైనను ఆరు మాసములు ఎండలో ఆరిన పిదప కాల్చిన గొట్టము శుభ్రముగా నుండును. ఇక కట్టడముల వద్ద ఊరక దొరకు సెంట్రింగు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు! కూలివారి పొయ్యిలలో నివియే ఎక్కువగా మండుచుండును. వానికి పూసిన నూనెయు, రంగును, పొరలను అతికిన జిగురును కాలినప్పుడు విషవాయువులు పుట్టును. ఎంత మంచి గొట్టమున్నను వీనిని వంటపొయ్యిలో వేయరాదు.

గొట్టము లోపల పేరుకొను తారు నిప్పంటుకొనుట కలదు. అప్పుడు గొట్టమునుండి రైలింజను మ్రోతవంటి ధ్వని పుట్టును, ఇనుము ఎర్రబడును, పైనుండి నిప్పురవ్వలు రాలును. అట్టి సమయమున గొట్టములో నీరు పోయరాదు. ఒక్కసారిగా ఆవిరియై గొట్టము పగులును. పొయ్యి మూతిని తడిమట్టితో మూసి గాలి ఆపి, ఇంటివారందరును బయటికి వచ్చి, 101 సంఖ్యకు టెలిఫోను చేయవలెను. పెద్ద ఫలహారశాలలలో పొయ్యిల మీదినుండి పొగను కొనిపోవు రేకు కాలువలును పొగగొట్టములే. వానిలో తారునకు బదులు నూనెజిడ్డు పేరుకొనును. అది తారుకంటెను త్వరగా అంటుకొనును.

కంటికి కనబడని అపాయము వేరొకటి కలదు. గాలి చాలక మండిన కట్టెనుండియు, బొగ్గునుండియు కార్బన్ మోనాక్సైడు అను వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని ఎర్రని పదార్థమునకు అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా అంటుకొనును. డిసెంబరు, జనవరి మాసముల చలికి తాళలేక రేకుల పాకలో బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపు బిగించి నిద్రించినవారు తెల్లవారుసరికి లేవకపోవుట వార్తాపత్రికలలో ఏటేట చదువుచున్నాము. కుంపటికి గొట్టముండదు, దానిని మూసిన గదిలో ఉంచనే రాదు.

ఇప్పుడు పరీక్ష విషయము. జర్మనీలో ప్రతి ప్రాంతమునకును పొగగొట్టములను పరీక్షించు అధికారము గల వృత్తినిపుణుడు నియమింపబడి యుండును. ఏడేండ్లలో రెండు మారులు అతడు ఇంటింటికి వచ్చి పొయ్యిలను చూడవలెనని చట్టము. ఇంగ్లండులో పూర్వము చిన్నబాలురను గొట్టములలోనికి ఎక్కించి మసి దులిపించెడివారు. ఆ మసియే వారికి పెద్దయైన పిదప క్యాన్సరు కలిగించుచున్నదని 1775లో లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ కనుగొనెను. వృత్తివలన క్యాన్సరు కలుగునని వైద్యశాస్త్రము గుర్తించుట అదియే మొదలు. ఆ క్రూరాచారము 1875 నాటి చట్టముతో అంతరించినది. అమెరికాలో కాపురమున్న మన తెలుగువారు కట్టెల పొయ్యి పెట్టుకొనదలచినచో సాధారణముగ ఊరి అధికారులయొద్ద అనుమతి పొంది, పని ముగిసిన పిదప తనిఖీదారునకు చూపవలెను. ఏడాదికొకసారి గొట్టమును పరీక్షింపవలెనని అచ్చటి అగ్ని నియమావళి చెప్పుచున్నది. మన యొద్ద 1999 నాటి అగ్నిమాపక చట్టము ఎత్తయిన మేడలకు నిరభ్యంతర పత్రము కావలెనన్నది గాని, కూలివాని పాకలోని గొట్టమును చూచువాడు లేడు. కావున ఆ పాకలోనివారే తనిఖీదారులు కావలెను.

అది కష్టమైన పని కాదు. మొదట పొయ్యి చల్లగా నున్నప్పుడు, అడుగున మసి తీయు రంధ్రములో చిన్న అద్దము నుంచి పైకి చూడవలెను. గొట్టము తిన్ననిదైనచో ఆకాశపు వెలుగు గుండ్రముగా కనబడును. గుండ్రము కాక వంకరగా కనబడినచో లోపల పిచ్చుక గూడో, మసి గడ్డయో కలదు. తరువాత పుల్లతో గీచి మసి మందము చూడవలెను. రెండు రూపాయి నాణెములను ఒకదానిపై ఒకటి పేర్చినంత మందము, అనగా సుమారు మూడు మిల్లీమీటర్లు, ఉన్నచో దులుపు వేళ వచ్చినదని తెలియవలెను. పొడుగాటి వెదురుకు కొబ్బరిపీచు గట్టిగా చుట్టి పైనుండి క్రిందికి త్రోయవచ్చును. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మరువరాదు.

పిమ్మట పొయ్యిలో కాగితపు చుట్ట ఒకటి వెలిగించి గొట్టమును వేడి చేయవలెను. వెలిగించిన ఊదువత్తిని పొయ్యి నోటి వద్ద పట్టిన, దాని పొగ లోనికి లాగబడవలెను. వంటవారి ముఖము మీదికి వచ్చెనేని గొట్టము పని చేయుటలేదు. పాత్రలు ఎక్కించిన పిదపను ఇట్లే చూడవలెను. పాత్ర అంచునకును పొయ్యి కంటికిని నడుమ సందున్నచో పొగ అక్కడినుండియే లేచును. అతుకులను చూచుటకు తలుపులన్నియు తెరచి, కొంచెము తడిగడ్డి పొయ్యిలో వేసి, పైమూతిని తడి గోనెతో క్షణకాలము కప్పవలెను. పొగ ఏ సందునుండి వచ్చునో అచ్చట బొగ్గుతో గుర్తు పెట్టి, గోనె తీసివేసి, ఆ సందులను అడుసుతో మెత్తవలెను. కడపట, గంటసేపు వంటయైన పిదప గొట్టమునకు దగ్గరనున్న వాసము మీద అరచేయి యుంచవలెను. చేయి నిలుపలేనంత వేడియున్నచో గొట్టము దానికి మిక్కిలి చేరువగా నున్నదని యర్థము. ఆ పూట వంటతోనే దానిని మార్చవలెను.

ఈ పరీక్షల విలువ ఎంతటిదో రెండు దేశముల అనుభవము చూపుచున్నది. ఒడిషాలో ఒక సేవాసంస్థ చీట్లు వేసి కొన్ని కుటుంబములకు గొట్టముగల మట్టిపొయ్యిలు కట్టించెను. రేమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు నాలుగేండ్ల వరకు వారిని గమనించిరి. వీరిలో డుఫ్లో గారికి 2019లో నోబెల్ బహుమానము లభించినది. మొదటి ఏట వంటచేయు స్త్రీలు పీల్చు పొగ తగ్గెను; ఆ మీదట తగ్గుదల కనబడలేదు. ఏలయన పొయ్యిలు పగిలినవి, గొట్టములు దులుపబడలేదు, పాత పొయ్యిలు మరల వెలిగినవి. గ్వాటెమాలా దేశమున కిర్క్ స్మిత్ గారి బృందము గొట్టపు పొయ్యిలు కట్టించి, వారము వారము మనుష్యులను పంపి చూపించి, చెడిన వానిని బాగుచేయించెను. అచ్చట పసిపిల్లలు పీల్చు పొగ సగమునకు తగ్గెను. వైద్యులు గుర్తించిన న్యుమోనియాలన్నిటిలో నిస్సందేహమైన తగ్గుదల కానరాకున్నను, తీవ్రమైన న్యుమోనియా మూడవ వంతు తగ్గినదని 2011లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. మన ప్రభుత్వము 1983లో మొదలిడిన మెరుగైన పొయ్యిల జాతీయ పథకము 2002లో ముగియులోపల మూడు కోట్లకు మించిన పొయ్యిలు కట్టించినది. కట్టిన వాని లెక్క వ్రాయబడినది గాని, మరుసటి ఏట ఎన్ని పనిచేయుచున్నవో అంత శ్రద్ధతో చూచినవారు లేరని మా యభిప్రాయము.

గ్యాసు దొరకినవారు గ్యాసునే వాడుట మేలని మేము తడయక చెప్పుదుము. గొట్టము పొగను ఇంటినుండి వెడలించునే గాని లేకుండ చేయదు. పాకలు దగ్గరదగ్గరగా నున్నచోట ఒకరి పొగ మరియొకరి వాకిట దిగును. 1999లో ఆంధ్రప్రదేశమున మొదలైన దీపము పథకమువలనను, 2016లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన ఉజ్జ్వల పథకమువలనను అనేక గృహములకు సిలిండర్లు వచ్చినవి. అయినను చిరునామా స్థిరముగా లేని కూలివానికి, సిలిండరు నింపించుటకు చేత రొక్కము లేని నెలలో, కట్టెయే గతి.

అట్టి యిండ్ల పిల్లలకు మేమిచ్చు పని యిది. వానలు వెనుకబట్టిన పిదప అక్టోబరులో ఒకసారి, సంక్రాంతి ముగిసిన పిదప ఒకసారి, వానలకు ముందు జూను మొదటి వారమున ఒకసారి పైన చెప్పిన పరీక్షలన్నియు పెద్దల యెదుట చేయవలెను. కప్పు మీదికి పిల్లలు ఎక్కరాదు. ఆ పని పెద్దలదే. పరీక్షించిన తేదిని, మసి మందమును, మెత్తిన సందుల సంఖ్యను పొయ్యి ప్రక్క గోడమీద సుద్దతో వ్రాసి, దాని ప్రతిని పాఠశాలకు తెచ్చి సైన్సు ఉపాధ్యాయునకు ఇయ్యవలెను.